కనబడని అతుకు

"ఓస్లా చేసేదేముందండీ! అమ్మ అల్లుతుంది, ఈవిడ ఉతికి ఆరేస్తుంది. అంతేగా!" అంటూ లౌరీ గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే ఖాళీ కప్పు భార్య వైపు జరిపాడు, మళ్ళీ టీ పొయ్యమని.

ఓస్లా పోసింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. పద్దెనిమిదేళ్ళుగా పోస్తున్న చెయ్యి కదా, దానికి అలవాటైపోయింది.

ఎదురు బల్ల మీద కూర్చున్న మిస్ ఇస్బిస్టర్ మాత్రం మర్యాదకైనా నవ్వలేదు. ఆవిడ లెర్విక్ పట్నంలో ఆడపిల్లలకు అల్లిక నేర్పే పంతులమ్మ. స్టీమర్ దిగి, చిన్న పడవెక్కి, ఉన్‌స్ట్ దీవి ఒడ్డున రెండు మైళ్ళు ఎదురుగాలిలో నడిచి ఈ ఇంటికి వచ్చింది ఒక్క మాట అడగడానికి.

"మా పిల్లలకి అల్లడం బాగానే వచ్చండీ. ముగించడమే రావట్లేదు. సూదుల మీంచి దించగానే పనైపోయిందనుకుంటారు. అతుకులు ఉబ్బెత్తుగా కనబడుతుంటాయి, కొసలు వేలాడుతుంటాయి. ఆ ముగింపు పని నేర్పే మనిషి కావాలి మాకు. వారానికి మూడు రోజులు. ఉండటానికి గది కూడా ఇస్తారు. గిర్జీ గారూ, ఈ పన్నెండేళ్ళూ మా పట్నం ప్రదర్శనలో ఫస్టు ప్రైజు మీదే. మీ శాలువాలో అతుకు ఎక్కడుందో పట్టుకుందామని ప్రతి ఏడూ వెతుకుతాను, ప్రతి ఏడూ ఓడిపోతాను. అది ఎవరి చెయ్యండీ?"

అలా అడిగింది ఓస్లా అత్తగారిని. గిర్జీ అంటే ఆ దీవిలో తెలియనివాళ్ళు లేరు. ఆమె అల్లిన శాలువా ఆరడుగుల చదరం, పరిస్తే మంచం మీద పట్టదు, మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోతుంది. ఆవిడ పొయ్యి పక్క కుర్చీలో, నడుముకు తోలు పట్టీ బిగించి, అందులో సూది గుచ్చి అల్లుతూనే ఉంది. ప్రశ్న వినబడింది. వేళ్ళు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి. ముఖం పొయ్యి వైపే ఉంది.

ఎంతకీ అత్త నోరు విప్పకపోయేసరికి ఓస్లాయే అంది, "నాదండీ" అని. పింగాణీ పళ్ళెం పగలగొట్టి ఒప్పుకున్న పిల్లలా ఉంది ఆ గొంతు. అప్పుడే లౌరీ ఆ ఉతికి ఆరేసే మాటన్నది.

వెళ్ళేటప్పుడు గుమ్మం బయట మిస్ ఇస్బిస్టర్ గొంతు తగ్గించింది. "మా బడి కమిటీలో అందరూ మగవాళ్ళేనండీ. ఆధారం ఏదీ అంటారు. ప్రైజు కార్డు మీద ఎప్పుడు చూసినా మీ అత్తగారి పేరొక్కటే ఉంటుంది. వచ్చే శనివారం ప్రదర్శనకి మీ పని కనబడేలా ఏదైనా ఒకటి తీసుకురండి. మిగతాది నేను చూసుకుంటాను."

"నా పని కనబడిందంటే చెడిపోయిందనే అర్థమండీ" అంది ఓస్లా.

"అదేనండీ వచ్చిన చిక్కు" అని నిట్టూర్చి, తలకు రుమాలు కట్టుకుని ఆ పంతులమ్మ గాలిలోకి నడిచిపోయింది.

మూడు రోజులు, ఒక గది. ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ, మర్నాడు ఆవు పాలు పితుకుతూ, పొయ్యిలో కాల్చే పీట్ మట్టిగడ్డల బుట్ట వీపున వేసుకుని కొండ దిగుతూ ఓస్లా ఆ రెండు మాటలే అనుకుంది. ఆ దారిలో ఆడవాళ్ళెవరూ చేతులు ఊరికే పెట్టుకుని నడవరు. వీపున పొయ్యిలోకి మట్టిగడ్డల బరువు, చేతిలో అల్లిక. నడకలో కూడా అల్లే చేతులకు ఒక గది ఇస్తారట, ఆ గదికి తలుపు ఉంటుందట. లోపల ఒక మంచం, ఒక కిటికీ, తనే పోసుకుని తనే తాగే టీ. ఇంతకంటే పెద్ద కోరిక ఏదీ ఆమెకు తట్టలేదు. ఇది కూడా ఎవరితోనైనా అంటే, ఇంట్లో గదులు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. అన్నిట్లోనూ ఎవరో ఒకరు ఆమె కోసం కేకేస్తూనే ఉంటారు.

ఓస్లాకు ముప్పై తొమ్మిదేళ్ళు. పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఎత్తకపోవడం ఆ ఇంటి మర్యాద. ఎవరికైనా కోపం వచ్చిందంటే మాత్రం అన్నిటికంటే ముందు గడప దాటేది ఆ మర్యాదే. లౌరీ చెడ్డవాడు కాదు. కొట్టడు, తాగి పడిపోడు. ఏటా ఎనిమిది నెలలు దక్షిణ సముద్రంలో తిమింగలాల వేటకు పోయి, ఎండాకాలానికి ఇంటికొస్తాడు. అతని బట్టల్లోంచి తిమింగలం నూనె వాసన పోగొట్టడానికి ఓస్లాకు మూడు వారాలు పడుతుంది. వచ్చే ఏడు వేట ఉంటుందో ఉండదో అని వాళ్ళ కంపెనీలో గుసగుసలు మొదలయ్యాయి. ఆ దిగులుతో ఈసారి అతని మాటలు ఇంకా ఎక్కువయ్యాయి. భోజనాల దగ్గర రోజూ ఒకటే గోడు. "ఈటె వేసేవాడికే పేరంతా! పేపర్లో ఫొటో వాడిదే. ఓడ మీద వాడికి ప్రత్యేకం గది. చర్మం ఒలిచి, కోసి, నెత్తుట్లో మోకాళ్ళ దాకా నిలబడి పని చేసేది మేము. మా మొహం ఎవడైనా చూశాడా?" అంటాడు. ఓస్లా అతని పళ్ళెంలో ఉప్పుచేప, బంగాళదుంపలు వడ్డిస్తూ వింటుంది. నువ్వు చెప్పింది నిజమే లౌరీ అంటుంది. ఆ మాట చెప్తున్న మనిషికి, వడ్డిస్తున్న చెయ్యి ఎందుకు కనబడదా అని ఆమెకు అప్పుడప్పుడు నవ్వు వస్తుంది. నవ్వితే ఎందుకని అడుగుతాడు. అందుకని నవ్వదు.

కిందటేడు జనాభా లెక్కల మనిషి వచ్చినప్పుడు గిర్జీయే అందరి తరఫునా చెప్పింది. కొడుకు తిమింగలాల వేట, తను లేసు అల్లిక. "కోడలుగారి వృత్తి?" అని అతను కలం ఎత్తి పట్టుకున్నాడు. "ఏమీ లేదు, రాసుకో" అంది గిర్జీ. అప్పుడు ఓస్లా ఆ గదిలోనే ఉంది. తడిసిన శాలువాను తువ్వాల్లో చుట్టి, నీళ్ళు పిండుకుపోయేలా మోకాళ్ళతో నొక్కుతూ ఉంది.

ఏమీ లేని ఆ పని నేర్చుకోవడానికి ఆమెకు ఎన్నేళ్ళు పట్టిందో! శాలువా నడిమి చదరాన్ని వేరుగా, నాలుగు అంచుల్నీ వేరుగా అల్లుతారు. తర్వాత వాటిని కలపాలి. కలపడమంటే కుట్టడం కాదు. రెండు వైపులా విడిగా నిలబడ్డ కుట్లను ఎదురెదురుగా పెట్టుకుని, సన్నని సూదితో, అదే ఊలుతో, వాటి మధ్య కొత్త వరస ఒకటి పుట్టించాలి. ఆ వరస పైదానికీ కిందదానికీ తోబుట్టువులా ఉండాలి. బిగువు ఎక్కువైతే లోపలికి గుంజుకుంటుంది, తక్కువైతే సందు పడుతుంది. వెనక నుంచి దూర్చాల్సిన సూదిని ఒక్కచోట ముందు నుంచి దూర్చామా, మంచివైపు ఒక గట్టు లేస్తుంది. అది కంటికి ఆనదు, బొటనవేలికి ఆనుతుంది. ఆ దీవి ఆడవాళ్ళు శాలువా చేతికిస్తే ముందు చూడరు, బొటనవేలితో తడుముతారు.

కొత్త కోడలుగా ఆమె మొదటి అతుకు వేసినప్పుడు గిర్జీ బొటనవేలు సరిగ్గా ఆ గట్టు దగ్గర ఆగింది. మాట్లాడకుండా కత్తెర తీసి ఊలు తెంపి, "మళ్ళీ" అంది. అలా తొమ్మిదిసార్లు తెంపింది. పదోసారి బొటనవేలు ఆ చివరి నుంచి ఈ చివరికి ఆగకుండా పోయింది. అప్పుడు గిర్జీ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆ ఇంట్లో మెచ్చుకోలు. ఇరవై ఒక్కేళ్ళ ఓస్లా ఆ మెచ్చుకోలుతో ఆ సాయంత్రమంతా గాల్లో తేలింది. ఎంత పిచ్చిదాన్నో అనుకుంటుంది ఇప్పుడు.

సోమవారం గిర్జీ ఈ ఏటి శాలువా ఆఖరి అంచు సూదుల మీంచి దించింది. అల్లిక నుంచి దిగిన శాలువాను చూస్తే ఎవరికీ ముచ్చటేయదు. గొర్రె జిడ్డుతో, పొయ్యి పొగతో బూడిద రంగులో, నలిగి ముడుచుకుపోయి, పాత్రలు తుడిచే గుడ్డలా ఉంటుంది. ఆ గుడ్డ ఓస్లా ఒళ్ళోకి వచ్చి పడింది. "ఈసారి బాగా కుదిరింది" అంది గిర్జీ, ఎప్పటిలాగే.

మంగళవారం మధ్యాహ్నం అత్త నిద్రపోయాక ఓస్లా దాన్ని కిటికీకి అడ్డంగా పట్టి చూసింది. వెలుతురులో అంతా బయటపడింది. పదకొండు చోట్ల కుట్లు జారిపోయాయి. ఒకచోట ఆకుల వరస దారి తప్పి, రెండు ఆకులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నాలుగేళ్ళుగా ఇదే తంతు. గిర్జీ చూపు మసకబారింది. ఆ సంగతి గిర్జీ ఎవరికీ చెప్పలేదు, ఓస్లా కూడా ఎవరికీ చెప్పలేదు. మొదటి ఏడు నాలుగు కుట్లు జారాయి. ఓస్లా సూదితో ఎత్తి కట్టేసింది. తర్వాతి ఏడు పది. కిందటేడు జానెడు జానెడు విప్పి మళ్ళీ అల్లాల్సి వచ్చింది. నడిమి చదరంలో మూడో వంతు తనదే. ఎక్కడా ముడి వేయకుండా, ఊలు కొసను రెండు పాయలుగా చీల్చి, నాలుకతో తడి చేసి, అరచేతుల మధ్య పేని కొస కొసా కలిపింది. ముడి వేయడమంటే అక్కడ తప్పు చేసి పట్టుబడ్డట్టే. ఆ శాలువాకు ఫస్టు ప్రైజు వచ్చింది. కార్డు మీద గిర్జీ పేరు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు.

ఈసారి కూడా ఓస్లా కూర్చుంది. జారిన పదకొండు కుట్లనూ ఒక్కొక్కటే ఎత్తి కట్టింది. దారి తప్పిన ఆకుల దగ్గర అరచెయ్యంత మేర విప్పి మళ్ళీ అల్లింది. బయట లౌరీ దడి బాగుచేస్తూ ఈల వేస్తున్నాడు. మధ్యలో లోపలికి తొంగి చూసి, "కూర్చున్నావా? కోళ్ళకి మేత వేశావా?" అన్నాడు. వేశాను అంది. ఆమె చేతుల్లో ఏముందో అతను చూడలేదు. చూసినా ఉతకడానికి ముందు ఏదో దులుపుతోందనుకుని ఉంటాడు.

బుధవారం మధ్యాహ్నానికి రెండు వైపుల అంచులు కలిపేసింది. ఒక మూలను ఆనుకుని ఉన్న రెండు వైపులవి. మూడో వైపుకు ఊలు కొలుచుకుంటుండగా గిర్జీ కునుకు తీసి లేచి, కర్ర ఆనించుకుంటూ వచ్చింది.

"ఏదీ, ఇలా తే" అంది.

ఓస్లా ఆ మూల ఆమె చేతిలో పెట్టింది. గిర్జీ బొటనవేలు అతుకు మీద నడిచింది. ఎక్కడా ఆగలేదు. తర్వాత ఆ చెయ్యి అంచు దాటి నడిమి చదరంలోకి పోయింది. ఆకు తర్వాత ఆకు తడుముతూ పోయి ఒకచోట నిలిచిపోయింది.

"ఈ ఆకు నాది కాదు" అంది గిర్జీ.

ఓస్లా కొలుస్తున్న ఊలును ఒళ్ళో పెట్టింది.

"నా ఆకు ఎడమకి ఒదుగుతుంది పిల్లా. చిన్నప్పట్నుంచీ నా చేతి వంకర అది. ఇది నిటారుగా నిలబడింది. నీ ఆకు ఇది."

"ఎప్పట్నుంచి తెలుసత్తా నీకు?"

"మొదటి ఏడు నుంచే. కళ్ళు పోతే వేళ్ళు కూడా పోతాయా?"

ఓస్లాకు ముందు సిగ్గేసింది, దొంగతనం బయటపడ్డట్టు. ఆ సిగ్గు ఎందుకో తనకే అర్థం కాక, వెంటనే దాని వెనకాలే కోపం వచ్చింది. నాలుగేళ్ళు ఈవిడ గుట్టును కాపాడుతున్నానని తను అనుకుంటుంటే, ఈవిడ పొయ్యి పక్కన కూర్చుని అన్నీ తెలిసే తన కష్టం తింటూ ఉంది.

"మరి మొన్న ఆ పంతులమ్మ నోరారా అడిగిందే! ఎవరి చెయ్యండీ అని. ఒక్క మాట అనలేకపోయావా?"

గిర్జీ కర్రను రెండు చేతులతో పట్టుకుంది. "అంటే నేనెవర్ని? చెప్పు. అల్లినంత కాలం నేను గిర్జీని. అల్లలేనని తెలిసిన రోజున ఈ మూల కూర్చుని మూడు పూటలా తినే ముసలిదాన్ని. నా కొడుకే ముందంటాడు ఆ మాట. వాడి సంగతి నీకు తెలీదా?"

తెలుసు. ఓస్లా మళ్ళీ ఊలు అందుకుంది.

"నేనూ పడ్డాను పిల్లా. మా అత్తకి వేళ్ళు కొంకర్లు పోయాయి. పంతొమ్మిదేళ్ళు ఆవిడ పేరు మీద నేనల్లాను. ఎవరితోనూ అనలేదు. ఆవిడ పోయాకే నా పేరు పైకొచ్చింది. నీకూ వస్తుంది, కాస్త ఓపిక పట్టు."

"ఆవిడ ఎన్నేళ్ళు బతికింది?"

"తొంభై ఒకటి."

"నీకిప్పుడెన్ని?"

"డెబ్భై రెండు."

పొయ్యిలో గడ్డ ఒకటి విరిగి పడింది. గిర్జీ ఉన్నట్టుండి పొడిగా నవ్వింది. "లెక్క వేస్తున్నావు కదూ?"

"లేదత్తా" అంది ఓస్లా. వేసేసింది. యాభై ఎనిమిది.

నవ్వు ఆగిపోయాక గిర్జీ గొంతులో ముల్లు మొలిచింది. "అయినా నీకు పేరొచ్చినా ఏం చేసుకుంటావు? మా అత్తకి నేనున్నాను, నాకు నువ్వున్నావు. నీ తర్వాత ఎవరున్నారు, నీది ఉతకడానికి?" అనేసి, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ మాట ఓస్లా గుండెల్లో దిగాల్సిన చోటే దిగింది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది. ఊలు తడవకుండా మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చింది. ఏడుపు తగ్గాక మాత్రం ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తన తర్వాత ఎవరూ లేరు. నిజమే. అత్తకు వాళ్ళ అత్త, తనకు ఈ అత్త. ఒకరు పోతే గానీ ఇంకొకరికి పేరు లేదు. ఈ వరస ఇక్కడితో ఆగిపోతే నష్టపోయేదెవరు? తను ఎవరి చావు కోసమూ వేళ్ళు మడిచి లెక్క పెట్టనక్కర్లేదు, తన చావు కోసం ఎవరూ లెక్క పెట్టనక్కర్లేదు. నాకు కూతురో కోడలో ఉండి ఉంటే, ఈపాటికి దాని ఒళ్ళో కూడా ఒక మాసిన గుడ్డ పడేసి, మళ్ళీ అని తెంపుతూ ఉండేదాన్నేమో అనుకుంది. అలా అనుకున్నందుకు భయం వేసింది. ఆ భయంలో కొంచెం ఊరట కూడా ఉంది.

మూడో వైపు కోసం సూదిలో ఊలు ఎక్కించింది. ఎదురెదురుగా నిలబడ్డ కుట్ల దగ్గరికి సూది పోయింది. అక్కడ ఆగింది. నా పని కనబడేలా తీసుకురమ్మంది ఆ పంతులమ్మ. పూర్తి చేస్తే కనబడదు. పాడు చేస్తే కనబడుతుంది గానీ అది తన పని కాదు. చాలాసేపు అలాగే కూర్చుంది. బయట గొర్రెలు అరిచాయి, గాలి మళ్ళింది, టీ వేళ దాటిపోయింది. చివరికి సూదిలోంచి ఊలు లాగేసి, మిగిలిన రెండు వైపుల కుట్లూ జారకుండా వాటిని ఒక నూలు దారం మీద నిలబెట్టి, అంచుల్ని వదులుగా కట్టేసింది. సూదిని డబ్బాలో పెట్టి మూత వేసింది.

గురువారం తెల్లవారుతూనే నీళ్ళు కాచి, సబ్బు చిలికి, శాలువాను మూల నుంచి మూలకు మధ్యగా పట్టుకుని ఒక సగాన్నే తొట్టిలో ముంచింది. జిడ్డు వదిలి నీళ్ళు మట్టిరంగుకు తిరిగాయి. తడి కొంచెం పైకి పాకి ఒక చార కట్టింది. కట్టనీ అనుకుంది. పెరట్లో పీపా అడుగున నిప్పుల చట్టి పెట్టి, గంధకం పొడి చల్లి, తడిసిన సగాన్ని లోపల వేలాడదీసి, పొడి సగాన్ని గుడ్డలో చుట్టి పీపా బయటికి మడిచి, పైన గోనె కప్పింది. ఆ పొగకు కళ్ళు మండుతాయి, గొంతు గీరుకుపోతుంది. ఊలు మాత్రం పాలనురుగులా తెల్లబడుతుంది. పన్నెండేళ్ళ ఫస్టు ప్రైజుల తెలుపు ఆమె గొంతులోంచే వచ్చింది. చలికాలమంతా ఆమె దగ్గుతుంది. "ఆ దగ్గు ఆపవే, నిద్ర పట్టట్లేదు" అని గిర్జీ గోడ మీద తడుతుంది.

మధ్యాహ్నం శాలువాను సాగదీసి ఆరబెట్టే చట్రం బయట పెట్టింది. తెల్లబడ్డ సగం అంచున ఉన్న ఒక్కో మొనకూ నూలు దారం దూర్చి, చట్రం మేకులకు చుట్టి, కొద్దికొద్దిగా, అన్ని వైపులా ఒకేలా లాగింది. తొందరపడితే చిరుగుతుంది, సందేహిస్తే ముడుచుకుంటుంది. మధ్యలో మూల నుంచి మూలకు ఒక దారం కట్టి, అక్కడితో ఆపింది. గాలి తగిలి ఆ సగంలో ఆకులు, అలలు, మొనలు అన్నీ విచ్చుకున్నాయి. వాటి వెనక కొండ కనబడుతోంది. దారానికి ఇవతల, అదే అల్లిక, అదే ఊలు, మాసి, ముడుచుకుని, అంచులు ఊడి వేలాడుతోంది. ఓస్లా రెండడుగులు వెనక్కి వేసి చూసింది. పద్దెనిమిదేళ్ళలో తన పనిని తను చూడటం అదే మొదటిసారి.

గిర్జీ గోడ పట్టుకుంటూ వచ్చింది. చట్రం మీద చెయ్యి వేసి, బిగిసిన మొనలు ఒక్కొక్కటే లెక్కపెడుతున్నట్టు తడుముతూ పోయింది. దారం దగ్గర చెయ్యి మెత్తని గుడ్డలో పడింది. ముసలామె ముఖం మారింది.

"సగంలో ఆపేశావు."

"ఇంతే అత్తా ఈసారి."

గిర్జీ వేళ్ళు మాసిన సగంలోకి దూరాయి. దేనికోసం వెతుకుతున్నాయో ఓస్లాకు తెలుసు. జారిన కుట్ల కోసం. పదకొండింటిలో ఏడు ఆ సగంలోనివే. వాటిని కూడా అలాగే వదిలేసి ఉంటే గుర్తుగా ఎర్రదారం కట్టి లోకానికి చూపించి ఉండవచ్చు. అది చాలా తేలిక. కానీ అది అత్త గుట్టు. దాన్ని బజారున పెట్టి పేరు తెచ్చుకోవడం ఓస్లా వల్ల కాలేదు. ఆ వేళ్ళు ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికి, ఒక్క కుట్టూ జారి దొరకక, ఆగిపోయాయి.

"అన్నీ ఎత్తేశావు" అంది గిర్జీ.

"ఎత్తేశాను."

గిర్జీ ఇంకేమీ అనలేదు. ఎంతోసేపు అక్కడే నిలబడి, చలి వేస్తోందంటూ లోపలికి పోయింది.

శుక్రవారం ఉదయం స్టీమర్ వేళకు ఓస్లా తన మంచి కోటు వేసుకుంది. ప్రదర్శన కార్డులో పేరు రాయడానికి ఒకే ఒక్క గీత ఉంది. ఆ గీత మీద చిన్నచిన్న అక్షరాలతో రెండు పేర్లు రాసింది. అల్లిక గిర్జీ, ముగింపు ఓస్లా. శాలువాను దుప్పటి మీద మడిచి పెట్టింది, తెల్ల సగం పైకి వచ్చేలా. చిన్న పెట్టెలో రెండు జతల బట్టలు కూడా సర్దింది. ప్రదర్శన ఒక్కరోజే కదా అని ఎవరూ అడగలేదు, ఎవరూ ఆ పెట్టె వైపు చూడలేదు.

ఏటా శాలువా ఇల్లు దాటే ముందు లౌరీకి ఒక సరదా ఉంది. తల్లి వేలి నుంచి పెళ్ళి ఉంగరం తీసి, శాలువా మూల అందులో దూర్చి, సర్రున లాగి చూపిస్తాడు. అది దూరి బయటికొస్తే మా అమ్మ చేతి పని అంటే ఇదీ అని తొడ చరుస్తాడు. ఈసారీ ఉంగరం తీసుకున్నాడు. తెల్లని మూల దూర్చి లాగాడు. శాలువా నీళ్ళలా జారింది. జారి జారి సగం దగ్గర టక్కున ఆగింది. ఇంకోసారి గుంజాడు. ఉంగరం దగ్గర మాసిన గుడ్డ, ఊడిన అంచులు, నూలు దారం ఉండకట్టి నిలిచిపోయాయి.

"లాగకు లౌరీ, చిరుగుతుంది" అని ఓస్లా ఉంగరాన్ని మెల్లగా వెనక్కి తీసింది.

అతను దుప్పటి మీద శాలువా విప్పాడు. చూశాడు. "ఇదేంటి? సగమే చేశావేం? దీన్ని పట్టుకుని అంతమంది ముందు నిలబడతావా? పన్నెండేళ్ళ ప్రైజు! అమ్మ పరువు ఏం కాను?"

ఓస్లా శాలువా మడిచి దుప్పట్లో చుట్టింది. కార్డు పైన పెట్టి పిన్ను గుచ్చింది. ఆ కార్డు మీద రెండు పేర్లున్నాయని అతను అప్పుడు చూశాడు.

"ఓహో, ఇదా సంగతి! పేరు కావాల్సి వచ్చిందా నీకు? ఏం చేశావని పేరు?"

"చూశావుగా లౌరీ" అంది ఓస్లా. "ఎక్కడిదాకా చేశానో అక్కడిదాకా కనబడుతుంది."

ఆమె పెట్టె అందుకుంది. తీరా పట్నం వెళ్ళాక ఆ మగవాళ్ళంతా నవ్వవచ్చు. పని ఇవ్వకపోవచ్చు. అప్పుడు ఈ గుమ్మంలోకే తిరిగి రావాలి, ఈ కప్పులే కడగాలి. అదంతా ఆమెకు తెలుసు. తెలిసే తలుపు తీసింది. చల్లగాలి ఇంట్లోకి కొట్టింది.

"ఆగు! పూర్తి చేసి వెళ్ళు. ఇంకో స్టీమర్ ఉండదా ఏంటి?" లౌరీ గొంతు పెరిగింది. ఆమె ఆగకపోయేసరికి ఆ గొంతు ఒక్కసారిగా చిన్నపిల్లాడిదైపోయింది. "అమ్మా, చూడవే! అది వెళ్ళిపోతోంది. మిగతా సగం ఎవరు చేస్తారు?"

పొయ్యి పక్క కుర్చీలోంచి గిర్జీ ఉంగరం కోసం చెయ్యి చాచింది. వేలికి తొడుక్కుంది. ముఖం ఈసారి పొయ్యి వైపు లేదు, తలుపు వైపు ఉంది.

"నువ్వే చెయ్యి నాయనా" అంది. "ఏముంది, ఉతికి ఆరేయడమే కదా."